విమానం పెట్టె

3 నవంబరు 2024, ఆదివారం

1993 మార్చిలో మా బావమరిది విజయ్ పాల్ నాకు మాట ఇచ్చాడు. "బావా, నువ్వు మీ స్టాఫ్‌రూమును తోల్కొచ్చేదాంక ఈ మెషిన్ బంద్ చెయ్య. కరెంటు పోయినా జనరేటర్ మీద నడిపిస్త." బోధన్ బస్టాండు వెనక తన వీడియో గేముల దుకాణంలో నిలబడి, విమానం ఆట పెట్టె మీద అరచెయ్యి ఆనించి అన్నాడు. తొమ్మిది రోజులకు మాట తప్పాడు.

ఈ సంగతి నా డైరీల్లో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. ఇవాళ కొత్త పుస్తకం మొదలుపెట్టాను కనుక మొదటి పేజీలో ఉండాలి.

ఆ ఆటలో నేను 1,04,350 కొట్టాను. బోధన్‌లో అంతకుముందు లక్ష దాటినవాడు లేడు. ఆ పెట్టెలు స్విచ్ తీస్తే స్కోర్లన్నీ మరిచిపోతాయి. పరీక్షల రోజులు, హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు, ఆయన కూడా చూస్తే బాగుంటుందని ఆగాను. ఆగడం నేరం కాదు. పదో రోజు లెక్కల రాజమల్లు సారును, మరో ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్తే తెర మీద పదివేలు ఉంది. అది కంపెనీవాడు పెట్టి పంపిన అంకె. రాజమల్లు నా భుజం తట్టి, "లక్ష సార్, పోదాం పాండ్రి, బెల్లు కొడుతరు" అన్నాడు.

ముప్పై మూడేళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. రష్యా విప్లవం నుంచి మంజీర కాలువల దాకా చెప్పాను. ఊళ్లో మిగిలింది ఆ పేరు ఒక్కటే. కూరగాయల బండివాడికి నేను పాఠం చెప్పలేదు, వాడూ "లక్ష సార్, వంకాయలు" అంటాడు. డెబ్బయ్యో ఏడు వచ్చింది. అబద్ధాలకోరు అనే పేరుతో పోవాలని లేదు.

ఇవాళ చర్చిలో కోత పండుగ. ఎవరి తొలి పంట వాళ్లు తెచ్చి ముందు పెడతారు, ఆరాధన కాగానే వేలం. గుమ్మడికాయలు, పుంజులు, చెరుకు కట్టలు, మోర్తాడ్ చుట్టాలు పంపిన పసుపు. పాడుకున్నది ఇంటికి తీసుకుపోతే ఎవరూ ఏమీ అనరు. తిరిగి దేవునికే ఇచ్చి మళ్లీ వేలం వేయిస్తే చప్పట్లు కొడతారు. ఒక పుంజు ఇవాళ నాలుగుసార్లు అమ్ముడుపోయి, ఐదోసారికి ముందు కట్టు తెంచుకొని తనే వెళ్లిపోయింది.

దాని తర్వాత నలుగురు మోసుకొచ్చి దింపింది ఆ పెట్టెను. దుకాణం మూసినప్పటి నుంచి విజయ్ పాల్ బోరు షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉన్నదే. "నా తొలి పంట" అని చెప్పాడట పాస్టరు గారికి. అరవై మూడేళ్ల మనిషి.

చెయ్యి లేపాను. ఇచ్చినవాడే పాట పెంచడం మా దగ్గర మర్యాద కనుక విజయ్ పాల్ కూడా లేపాడు. మళ్లీ నేను. మళ్లీ వాడు. మూడో మనిషి లేడు. సంఘమంతా ఆరాధనలో కన్నా శ్రద్ధగా చూసింది. చివరికి నా భార్య గ్రేస్ తమ్ముడి వైపు ఒకసారి చూసింది. వాడు చెయ్యి దించాడు.

"శాంతి కుమార్ సార్ తిరిగి దేవునికి ఇస్తున్నరా?" అని పాస్టరు గారు అడిగారు.

"ఇయ్య" అన్నాను. చప్పట్లు లేవు.

4 నవంబరు

పెట్టె వరండాలో ఉంది. లేవకుండా కూర్చున్న చుట్టం చుట్టూ ఊడ్చినట్టు గ్రేస్ దాని చుట్టూ ఊడ్చింది.

7 నవంబరు, గురువారం

హన్మండ్లు వచ్చాడు. నలభై ఏళ్లు టీవీలు బాగుచేశాడు. ఇప్పుడు టీవీలు ఎవరూ బాగుచేయించుకోవడం లేదు కనుక ఫోను చేసిన పావుగంటలో వచ్చాడు.

వెనక పలక ఊడదీస్తే ఎలుక గూడు. అందులో 1998 నాటి పేపరు ముక్కలు. చదివాను. మంత్రివర్గ విస్తరణ గురించి. ఎలుక సరైన ఉపయోగానికే వాడింది.

"సార్, జర దూరముండుండ్రి. పిక్చర్ ట్యూబు లోపట కరెంటు దాసుకొని ఉంటది." స్క్రూడ్రైవర్‌కు వైరు చుట్టి ట్యూబు మీది రబ్బరు మూత కింద దూర్చాడు. చిటుక్కుమని కూడా అనలేదు. "ఏం లేదు సార్. ఇన్నేండ్లకు ఎవలికైనా సల్లారిపోతది."

ఆ మాట నన్ను చూసి అన్నాడేమో తెలియదు.

ట్యూబు చచ్చిపోయింది. ఆట ఉండే బోర్డు పచ్చగా చిలుము పట్టింది. "కంప్యూటర్ పెడదాం సార్. అది పాత బోర్డు లెక్క వేషం కడుతది. ఆట గదే, విమానాలు గవే."

"వేషం కట్టినదాంట్ల కొట్టిన లక్ష అసలు లక్ష అయితదా?"

హన్మండ్లు తల వంచుకొని కిందపడ్డ స్క్రూలు ఏరడం మొదలుపెట్టాడు. కింద స్క్రూలేమీ లేవు.

9 నవంబరు

విజయ్ పాల్ సీతాఫలాలు తెచ్చాడు. వరండాలో కూర్చొని, పెట్టెను చూస్తూ, నాకు తెచ్చిన పళ్లు వాడే తింటున్నాడు.

"పైలం బావా. పాములుంటయి అండ్ల."

"ఒక పాముతోని సుట్టరికం చేసిన గద. అలవాటే."

"ముప్పై ఏండ్లాయె. ఇగనన్న ఇడిసిపెట్టు."

"ఎందుకు బంద్ చేసినవో ఒక్క ముక్క చెప్పు. ఇప్పుడే ఇడిసిపెడుత."

వాడు గింజలు ఊసి అక్క వైపు చూశాడు. గ్రేస్ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. నీళ్లు వాడి పక్కనే ఉన్నాయి.

"యాదికి లేదు" అన్నాడు.

దొరికిపోయిన నేరస్థుడు రక్తసంబంధీకుల అండ వెతుక్కోవడం చరిత్రలో కొత్త కాదు. ఔరంగజేబు మీద లైబ్రరీ నుంచి తెచ్చిన మూడు పుస్తకాలూ ఆయనకు అక్క అండ ఉందనే చెబుతున్నాయి.

14 నవంబరు

బంద్ అయిపోయిన ఇంటర్నెట్ సెంటరు నుంచి హన్మండ్లు పాత సీపీయూ, మానిటరు తెచ్చాడు. ఆట నిలువుది కనుక మానిటరును పక్కకు పడుకోబెట్టి బిగించాడు. బొమ్మను తిప్పాలని కంప్యూటర్‌కు చెప్పడం మరిచి భోజనానికి వెళ్లిపోయాడు. గంటసేపు మెడ వంచి ఆడాను. పాలు పోసే భీమవ్వ గేటు దగ్గర ఆగి, "సారుకు మెడ పట్టినట్టుంది, ఆవనూనె రాయుండ్రి" అని గ్రేస్‌కు చెప్పిపోయింది.

ఆడే కర్ర కింద నాలుగు చిన్న స్విచ్చులున్నాయి. వాటి వైర్లన్నీ అగ్గిపెట్టెంత బోర్డులోకి పోతాయి, అది కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తుంది. మొదట రెండు వైర్లు తారుమారు చేశాడు. నేను ఎడమ అంటే విమానం కుడికి పోయింది. పదో తరగతి బి సెక్షన్ గుర్తొచ్చింది.

రూపాయి వేస్తేనే నడవాలని పట్టుబట్టాను. లేకపోతే అది ఆట కాదు, టీవీ. ఇప్పటి రూపాయి సన్నది, సందులోంచి జారి బయటపడుతోంది. గ్రేస్ లోపలి నుంచి పాత మందపు రూపాయిలున్న డబ్బా తెచ్చి ఇచ్చింది.

"ఇవి యాడివి?"

"ఉన్నయి" అంది.

ఒక మంచి జరిగింది. ఈ కంప్యూటర్ స్విచ్ తీసినా స్కోరు ఉంచుకుంటుందట. ఇక ఎవరి మాట మీదా ఆధారపడక్కర్లేదు.

18 నవంబరు

నాకు 8,200. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి కుడి మూలలో వచ్చే విమానాలు ఆలస్యంగా వస్తున్నాయి.

జాబితాలో పై వరుసలో 31,450 ఉంది. పేరు ఏ.ఏ.ఏ. ఆట అయ్యాక కర్ర తిప్పి మూడు అక్షరాలు ఎంచుకోకుండా గుండీ నొక్కితే అదే పడుతుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన అంకె అయి ఉంటుంది.

22 నవంబరు

నాకు 11,900. ఏ.ఏ.ఏ.కు 58,300.

గ్రేస్ కళ్లద్దాలు పెట్టె మీద మరిచిపోయింది. దుమ్ము తుడిచినట్టుంది.

23 నవంబరు, శనివారం

హన్మండ్లును పిలిపించాను. "నీ కంప్యూటర్ దానంతట అదే ఆడుకుంటుంది."

"గట్ల ఆడదు సార్."

"పొద్దున పదికి లైబ్రరీకి పోత. పన్నెండుకొస్త. అంతల స్కోరు పెరుగుతది. ఇంట్ల ఎవరూ ఉండరు."

"అమ్మ ఉంటది గద సార్."

"గ్రేస్ ఉంటది. ఇంకెవరూ ఉండరు."

హన్మండ్లు మూత తెరిచి, ఒక వైరు ముట్టుకొని, మళ్లీ మూసి, "సరిజేసిన" అన్నాడు.

30 నవంబరు

రాజమల్లుకు ఫోను చేశాను. నిజామాబాద్‌లో పెన్షనర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. డిసెంబరు 17 పెన్షనర్ల దినం, పాత స్టాఫ్‌రూమంతా వస్తుంది. పెట్టె తెస్తానని, స్కోరు చూపిస్తానని చెప్పాను.

"కంప్యూటర్ల స్కోరుదేముంది లక్ష సార్. ఎవడైనా టైపు చేసుకుంటడు. మా మనవరాలైతే రెండు నిమిషాల్ల కోటి కొట్టించి ఇస్తది."

"అయితే ఏం చెయ్యమంటవ్?"

"కండ్ల ముందట ఆడుండ్రి. దాటితే ఆ పేరు ఎవలూ అనకుండ నేనే మైకుల చెప్త. దాటకపోతే లక్ష సార్ లక్ష సారే."

ఒప్పుకున్నాను. ఫోను పెట్టాక గుర్తొచ్చింది, ఇప్పటిదాకా నాకు పద్నాలుగు వేలు దాటలేదు.

5 డిసెంబరు

22,000. బొటనవేలు వాచింది. నొప్పుల మందు సీసా కోసం వెతికితే గ్రేస్ దగ్గర ఉంది. ఆమెకూ బొటనవేలే అట. వయసు.

10 డిసెంబరు

నాకు 41,700. అది నా పై అంచు. ఏ.ఏ.ఏ.కు 1,12,900.

వారం ఉంది. హన్మండ్లుతో, "ఆ మీది వరుసల అక్షరాలు మార్చొచ్చా?" అన్నాను. మార్చవచ్చట. ఒక ఫైలు తెరిచి, మూడు అక్షరాలు కొట్టి, మూశాడు. ఇప్పుడు 1,12,900 పక్కన నా పేరు ఉంది. ఎలాగూ నేను పదిహేడున అందరి ముందూ ఆడాలి కనుక దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మనసుకు ధైర్యం కోసం.

హన్మండ్లు టీ తాగకుండా వెళ్లిపోయాడు.

11 డిసెంబరు

మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు. గ్రేస్ అలా మరిచిపోయే మనిషి కాదు.

12 డిసెంబరు

పై వరుసలో ఏ.ఏ.ఏ. 1,21,700. దాని కింద నాది.

నాది అని రాశాను. సరే.

ఇదంతా విజయ్ పాల్ పనే. వాడి దగ్గర మా ఇంటి రెండో తాళంచెవి ఉంది. నేను లైబ్రరీలో ఉన్న సమయం వాడికి తెలుసు. నన్ను ఆఖరుసారి అల్లరిపాలు చేయడానికి ఈ వయసులో రోజూ వచ్చి ఆడిపోతున్నాడు. గ్రేస్ చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. తమ్ముడు కదా. రేపు పదకొండుకే ఇంటికి వచ్చి పట్టుకుంటాను.

13 డిసెంబరు

లైబ్రరీ నుంచి పదకొండుకు వచ్చాను. వరండా కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మళ్లీ లైబ్రరీకి వెళ్లాను.

14 డిసెంబరు

ఇవాళ లైబ్రరీకి తొమ్మిదిన్నరకే వెళ్లాను.

15 డిసెంబరు, ఆదివారం

విజయ్ పాల్ చర్చిలో పలకరించాడు. "ఎట్లుంది బావా ప్రాక్టీసు?" పాటల పుస్తకం తెరిచాను. పెట్టె దగ్గరికి వచ్చింది వాడు కాదని తెలిసినా, వాడు కానందుకు కోపం వచ్చింది. ఈ వాక్యం మళ్లీ చదివితే అర్థం కాలేదు, అయినా కొట్టివేయను.

17 డిసెంబరు, మంగళవారం

పెట్టెకు రెండు పరుపులు చుట్టి ట్రాలీ ఆటోలో ఎక్కించాం. నేను, గ్రేస్ డ్రైవరు పక్కన. హన్మండ్లు వెనక పెట్టెను కౌగిలించుకొని కూర్చున్నాడు. ముందు చెరుకు ట్రాక్టరు. ఎడపల్లి దాకా దాన్ని దాటే సందు దొరకలేదు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా వెనక నుంచి హన్మండ్లు, "పానం మంచిగనే ఉంది సార్" అని కేకవేశాడు. ఎవరి ప్రాణమో అడగలేదు.

హాల్లో ఒక మూల షుగరు పరీక్షలు, మరో మూల డీఏ బకాయిల మీద ఉపన్యాసం. రాజమల్లు చెవికి మిషన్ పెట్టుకున్నాడు, డెబ్బై నాలుగేళ్లు, నోరు మాత్రం అలాగే ఉంది. మైకులో, "ఇప్పుడు లక్ష సార్ ప్రోగ్రాం" అన్నాడు. కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. వేలికి సూది గుచ్చించుకున్నవాళ్లు దూది పట్టుకొని వచ్చారు.

రూపాయి వేశాను. 23,650.

ఎవరూ నవ్వలేదు. రాజమల్లు దగ్గరికి వచ్చి, "మంచిగనే ఆడిండ్రు సార్. ఈ వయసుల గదే ఎక్కువ" అన్నాడు. నవ్వితే భరించేవాణ్ణి.

అప్పుడు నేను మైకు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు రాయాలి. ఆయన నోరు మూయించడానికి. అంతకుమించి ఏమీ లేదు. నా పరువు అప్పటికే అయిపోయింది కనుక ఖర్చు లేదు.

"మా ఇంట్ల ఇంకొకలు ఆడుతరు. జర సూడుండ్రి" అన్నాను.

గ్రేస్ మూడో వరుసలో ఉంది. నా వైపు చూసింది. పదమూడో తారీకు కిటికీ అవతల ఎవరున్నారో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"నాకేమొస్తది" అంది, ఒక్కసారే. తర్వాత లేచి వచ్చి, హ్యాండ్‌బ్యాగు నా చేతికి ఇచ్చి, స్టూలు అడిగింది. దూరపు అద్దాలు తీసి దగ్గరి అద్దాలు పెట్టుకుంది.

నేను విమానాన్ని చూస్తూ ఆడతాను. ఆమె విమానాన్ని చూడదు. తెర పై అంచు చూస్తుంది, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చాట అవతలి అంచు చూసినట్టు. పై పెదవి కొంచెం ముడుచుకుంటుంది. నలభై మూడేళ్ల కాపురంలో ఆ ముఖం నేను కిటికీలోంచి ఒకసారి, హాల్లో ఒకసారి చూశాను.

అరవై వేల దగ్గర డీఏ ఉపన్యాసం ఆగిపోయింది. తొంభై వేల దగ్గర షుగరు చూసే అమ్మాయి టేబులు వదిలి వచ్చింది. లక్ష దాటినప్పుడు రాజమల్లు లేచి నిలబడ్డాడు, చెవి మిషన్ చేత్తో పట్టుకొని, దాంతో కూడా చూడాలన్నట్టు. 1,26,050 దగ్గర అయిపోయింది.

పేరు అడిగింది పెట్టె. ఆమె ఇంట్లోలా గుండీ నొక్కేయలేదు. కర్ర తిప్పి జి, ఆర్, సి పెట్టింది. అక్షరాల కోసం వెతకలేదు. చేతికి దారి తెలుసు.

రాజమల్లు మైకులో అన్నాడు: "ఇగ శాంతి కుమార్ సారును ఎవలూ లక్ష సార్ అనొద్దు. లక్ష మేడం ఇంటాయన అనుండ్రి."

బిర్యానీ తినకుండా బయల్దేరదామన్నాను. ఆమె తిన్నది. రెండుసార్లు పెట్టించుకుంది.

జానకంపేట దగ్గర రైల్వే గేటు పడింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు.

"ముందట ఎప్పుడన్న ఆడినవా?" అన్నాను.

"తమ్ముని దుకాణంల" అంది, గేటు వైపు చూస్తూ. "మీ స్కోరు పోవద్దని వాడు జనరేటర్‌కు కిరసనాయిలు తేవడానికి పోతుండె. రోజూ క్యూల నిలబడుతుండె. గింతసేపు కూసో అక్కా అంటే కూసున్న. ఉట్టిగ ఏం కూసుంట?"

"ఎంత కొట్టినవ్?"

"లక్షా తొమ్మిది వేలు. తొమ్మిదో దినం. పేరు కూడ పెట్టిన, తెలువక."

రైలు ఇంకా రాలేదు.

"మీరేమో మర్నాడు స్టాఫ్‌రూమును తోల్కొస్త అంటిరి. మీ పేరు మీదికెల్లి పెండ్లం పేరుంటే మీరు మళ్ల బడికి పోదురా? అందుకే ప్లగ్గు తీసిన. నేను ఆడుతుంటెనే తమ్ముడు డబ్బా పట్టుకొని వచ్చి ఎనక నిలబడి అంత సూసిండు. అక్కా నువ్వు నోరు తెరవకు, బావ నన్నైతే తిట్టి ఊకుంటడు అన్నడు."

"ఊకోలే" అన్నాను.

"ఊకోలే" అంది.

వెనక నుంచి హన్మండ్లు, "గేటు తీసిండ్రు సార్" అన్నాడు. అన్నీ విన్నాడన్నమాట.

18 డిసెంబరు

పెట్టె మళ్లీ వరండాలో ఉంది. ఇవాళ లైబ్రరీకి వెళ్లలేదు. గ్రేస్ పదిన్నరకు వచ్చి నన్ను చూసి ఆగింది. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకొని పేపరు తెరిచాను. ఆమె స్టూలు మీద కూర్చుంది.

పన్నెండుకు విజయ్ పాల్ వచ్చాడు. ఊరంతా తెలిసిపోయింది, వాడి ముఖం కూడా తేలికగా ఉంది. "అయితే బావా, ఇగ నా మీద ఏం లేనట్టేగా" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

నిన్నటి నుంచి ఆలోచించాను, న్యాయంగానే. రాజమల్లు కళ్లతో చూసినదే నమ్మాడు. తప్పు లేదు. గ్రేస్ నా పరువు కోసం ప్లగ్గు తీసింది. ఆమెను అనడానికి నోరు రాదు. నేను తొమ్మిది రోజులు ఆగాను. హెడ్మాస్టరు సెలవు పెట్టడం నా చేతిలో లేదు. దుకాణం పక్కనే ఫొటో స్టూడియో ఉండేది. తెరను ఒక్క ఫొటో తీయించి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు. నాకు తోచకపోతే దుకాణదారుకు తోచాలి. జనరేటర్ మీద పెట్టిన బుర్ర ఫొటో మీద పెట్టలేదు.

క్యూలో నిలబడ్డాడు, తిట్లు తిన్నాడు, అన్నీ ఒప్పుకుంటాను. వాటికి నేను కోపగించుకోవడం లేదు. కానీ ఆమె ఆ స్టూలు మీద కూర్చొని లక్షా తొమ్మిది వేలు కొట్టిన ఆ మధ్యాహ్నం, పెదవి ముడుచుకొని తెర పై అంచు చూస్తున్న ఆమెను చూసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. చూసి, ముప్పై ఒక్క ఏళ్లు నాకు చెప్పకుండా దాచుకున్నాడు. విజయ్ పాల్.